120 యూరోల మబ్బు, ఊరికే దొరికిన మబ్బు

రాత్రి మెరిసే మేఘాలు చూడ్డానికి ఎస్టోనియా వెళ్లాలనుకునేవాళ్లకి ముందే చెబుతున్నా, టూర్ల వాళ్లకి డబ్బులు కట్టకండి. రాజధాని తాలిన్‌లో మేం మనిషికి 120 యూరోల చొప్పున ముగ్గురికీ కలిపి 360 కట్టాం. ఆ డబ్బుకి మాకు చూపించింది సూర్యాస్తమయం. అది హోటల్ కిటికీలోంచి కూడా కనిపిస్తుంది.

బుకింగ్‌లో రాసినవన్నీ ఘనంగానే ఉన్నాయి. ‘నాక్టిలూసెంట్ క్లౌడ్స్ నైట్’ అట, ఫోటో గైడ్, వేడి టీ, హోటల్ దగ్గర పికప్. వ్యాన్ రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది. గంట ప్రయాణం తర్వాత అడవిలో ఒక ఖాళీ జాగాలో దింపారు. పడమటి వైపు మాత్రమే ఆకాశం తెరిపిగా ఉంది, ఉత్తరం మొత్తం పైన్ చెట్లే. పదిన్నర దాటాక సూర్యుడు దిగాడు, పడమరన సిర్రస్ అనే పల్చటి మామూలు మబ్బులు ఎర్రబడ్డాయి. గైడ్ చెయ్యి చాపి “అవే, తీసుకోండి” అన్నాడు. అన్నయ్య ట్రైపాడ్ సంచి జిప్పు కూడా తీయలేదు. ఆయన అలా మౌనంగా ఉన్నాడంటే కోపం బాగా ముదిరిందని అర్థం.

ఎందుకంటే రాత్రి మెరిసే మేఘాలు ఎర్రబడేవి కావు, ఆ టైముకి కనిపించేవీ కావు. మామూలు మబ్బులు మహా అయితే పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇవి మంచు కణాల మబ్బులు, 80 కిలోమీటర్ల పైన, మీసోస్ఫియర్ అనే వాతావరణ పొరలో ఉంటాయి. సూర్యుడు బాగా కిందికి దిగాక మామూలు మబ్బులు నీడలో పడి నల్లబడతాయి, అంత ఎత్తున ఉన్న వీటికి మాత్రం ఎండ తగులుతూనే ఉంటుంది. అందుకే నీలం కలిసిన వెండి రంగులో వెలుగుతాయి. సూర్యుడు దిగంతానికి 6 నుంచి 16 డిగ్రీల కింద ఉన్నప్పుడే వీటిని చూడాలి. జూలై మొదట్లో ఎస్టోనియా ఉత్తర తీరంలో 6 డిగ్రీలు దిగేసరికే అర్ధరాత్రి అవుతుంది. ఒంటిగంటా ఇరవైకి అన్నిటికన్నా లోతు, అదీ ఏడున్నర డిగ్రీలే. అంటే పన్నెండు నుంచి రెండున్నర దాకా అసలు సమయం. మా గైడ్ సరిగ్గా పన్నెండుకి వ్యాన్ స్టార్ట్ చేశాడు!

ఇంకో గంట ఉందామని వదిన గట్టిగానే అడిగింది. డ్రైవర్ డ్యూటీ టైమ్ అయిపోయిందన్నాడు. డ్రైవరూ అతనే. టీ మాత్రం వేడిగానే ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

మర్నాడు డబ్బు వెనక్కి అడిగితే, ప్రకృతికి గ్యారంటీ ఇవ్వలేమని మెయిల్ పంపారు. మబ్బులు రావడం ఎవరి చేతిలోనూ లేదు, నిజమే. ఉత్తరం ఎటుందో తెలుసుకోవడం చేతిలోనే ఉంది కదా! రెండు వారాలు వెంటపడితే 90 యూరోలు తిరిగొచ్చాయి. ఆ మెయిళ్లన్నీ వదినే రాసింది, నేనైతే ఎప్పుడో వదిలేసేవాణ్ణి.

తార్తు అనే ఊరికి రైల్లో వెళ్లి వచ్చాం, హాయిగా గడిచింది. కొండ మీది పాత అబ్జర్వేటరీ తప్పకుండా చూడండి. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలాక జనం సాయంత్రపు ఆకాశాన్ని తెగ గమనించేవాళ్లు. అలా 1885 వేసవిలో ఈ మేఘాల్ని మొదటగా గమనించి రాసినవాళ్లలో అక్కడి ఖగోళ శాస్త్రవేత్త హార్ట్‌విగ్ ఒకరు. రెండేళ్ల తర్వాత జర్మనీలో ఒట్టో యెస్సె వీటిని ఫోటో తీశాడు, ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి ఫోటోలతోనే ఎత్తు 82 కిలోమీటర్లని లెక్కగట్టాడు. అప్పటి కెమెరాలతో! నాకైతే ఒళ్లు పులకరించింది, వదిన బయట బెంచీ మీద కునుకు తీసింది.

తర్వాత రెండు రోజుల అద్దెకి 118 యూరోలు పెట్టి కారు తీసుకుని లాహెమా నేషనల్ పార్క్‌లోని వోసు వెళ్లాం. ఊరి బీచ్ ఉత్తరం వైపు సముద్రానికి తెరుచుకుని ఉంటుంది. మనకి కావలసింది అంతే. వంటగది ఉన్న రెండు గదుల వాటా రాత్రికి 74 యూరోలు. బాత్రూమ్ పక్క వాటా వాళ్లతో కలిసి వాడుకోవాలి, కర్టెన్లు పల్చటి తెల్ల గుడ్డ. ఆ వేసవి రాత్రుల్లో చీకటన్నదే పడదు, వదినకి నిద్ర లేదు. రోజంతా చిరాకు. కానీ ఇంటావిడ బంగారం. రాత్రుళ్లు తిరగడానికి వచ్చామని తెలిసి, అడక్కుండానే తాళం చేతికిచ్చి, దోమల మందు సీసా కూడా తెచ్చిచ్చింది.

నిద్రపట్టని ఆ వదినే మేఘాల్ని ముందు చూసింది. ఒంటిగంటకి వంటగదిలో నీళ్లు తాగడానికి వెళ్లి, “ఏవండీ, లేవండి, ఆకాశంలో ఏదో అలలు అలలుగా ఉంది” అని కేకేసింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బీచ్‌కి పరిగెత్తాం. ఉత్తరాన సముద్రం మీద వెండి చారలు, వాటి మధ్య సన్నటి అలల వరసలు, చేపముల్లు పరిచినట్టు. బైనాక్యులర్స్‌లో చూస్తే ఒక్కొక్క అల విడిగా తెలుస్తుంది. “ఎండాకాలంలో మంచు మబ్బులేంటి బాబూ?” అంది వదిన. అంత ఎత్తులో వేసవిలోనే చలి ఎక్కువని చెప్పాను. గాలి పైకి లేచి వ్యాకోచించి చల్లబడుతుంది, మైనస్ 120 డిగ్రీల కిందికి పోతుంది. అప్పుడు ఉల్కల ధూళి చుట్టూ నీటి ఆవిరి మంచు కడుతుంది. ఆవిడ మొదటిసారి విసుక్కోకుండా మొత్తం విన్నది.

ఫోటోల విషయానికొస్తే, ఫోన్‌తోనూ వస్తాయి గానీ ట్రైపాడ్ ఉండాలి. నేను 50 ఎంఎం లెన్స్, ఎఫ్/4, ఐఎస్‌ఓ 400, రెండు మూడు సెకన్లలో తీశాను. ఎక్కువసేపు తెరిచి ఉంచితే అలల అంచులు కరిగిపోతాయి. ఆటో ఫోకస్ ఆపేయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఆ నీలం చచ్చిపోతుంది. అన్నయ్య పది సెకన్లకొకటి చొప్పున టైమ్‌లాప్స్ పెట్టి ఇసకలో కూర్చుండిపోయాడు.

గదులు దొరక్కపోతే ప్రభుత్వ అటవీ సంస్థ ఆర్‌ఎంకే వాళ్ల క్యాంపు జాగాలున్నాయి, ఉచితం. కాళ్లు పూర్తిగా కప్పుకోండి, అక్కడి పిడుదులతో మెదడువాపు వస్తుంది. జూన్ 23, 24 వాళ్లకి పండగ, నెగళ్లు వేసి జాగారం చేస్తారు, బస ఎక్కడా దొరకదు. ఇంకా ఉత్తరానికి పోతే ఇంకా బాగా కనిపిస్తాయనుకుని లాప్‌లాండ్ టికెట్లు మాత్రం కొనకండి. జూన్, జూలైల్లో చాలా రోజులు అక్కడ సూర్యుడే అస్తమించడు.