కాలువకీ మొగకీ ఒకటే రాడ్: ఆరేళ్ళ వాడకం తరవాత

2019 దసరాకి కొన్నాను. చేపలు పట్టడానికి ఏడడుగుల రెండు ముక్కల స్పిన్నింగ్ రాడ్, 4000 సైజు రీలు, ముప్పై పౌన్ల బరువు ఆగే బ్రెయిడ్ (అల్లిన దారం) లైను. రాడ్ 2,600, రీలు 4,200, లైను 1,100. ఇంట్లో మాత్రం అన్నీ కలిపి రెండు వేలని చెప్పాను. ఆ లెక్క ఇప్పటికీ అలాగే ఉంది.

మాది రాజోలు దగ్గర. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, ఆదివారం సెలవు. వీధి దాటితే పంట కాలువ. బండి మీద బయల్దేరితే అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగకి వెళ్ళిపోవచ్చు. అందుకని ఒక ఆదివారం కాలువలో కొరమీను, ఇంకో ఆదివారం మొగలో పండుగప్ప. రెండిటికీ విడివిడిగా సామాను కొనే స్తోమత లేదు గనక ఒకే సెట్టుని మంచినీళ్ళలోనూ ఉప్పునీళ్ళలోనూ తిప్పాను. కంపెనీ పేర్లు రాయట్లేదు. నేను వాడింది ఒక్కో రకం ఒక్కటే, అంత మాత్రానికి కంపెనీకి మార్కులు వెయ్యడం న్యాయం కాదు.

ఈ రాడ్ల మీద ‘బాస్’ అని రాసుంటుంది. అది అమెరికా చెరువుల్లో ఉండే పెద్దనోటి బాస్ అనే చేప, మన గోదావరిలో లేదు. అక్కడివాళ్ళకి దాని మీద ఎంత మోజంటే, 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన పది కిలోల చేప రికార్డు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేశాడు. మన దగ్గర పది కిలోల పండుగప్ప వలకి పడితే దాని బరువు వేలంపాట ముగిసేదాకానే గుర్తుంటుంది. అయితే ఆ బాస్‌కీ మన కొరమీనుకీ ఒక అలవాటు కలిసింది. రెండూ ఆకుల చాటున పొంచి ఉండి పైన కదిలేదాన్ని కొడతాయి. అందుకే దానికోసం చేసిన రాడ్ మన కాలువలో పనికొస్తుంది.

రాడ్ మీడియం హెవీ, అంటే కాస్త గట్టిది. పది నుంచి ముప్పై గ్రాముల ఎర విసరొచ్చు. కాలువలో దాని అసలు పని చేపతోపాటు వచ్చే గుర్రపుడెక్కని లాగడం. గాలం తగలగానే కొరమీను తల కిందికి పెట్టి వేళ్ళలోకి దూరిపోతుంది. మెత్తటి రాడ్ అయితే వంగి ఊరుకుంటుంది, ఈలోపు చేప తూడుకి చుట్టేసుకుంటుంది. ఈ రాడ్ అక్కడ నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. విరిగింది ఒక్కసారే, అదీ మలికిపురం దగ్గర బండి మీద ఆటోని దాటబోయి. కొసన నాలుగంగుళాలు పోయింది. కొత్త కొస రింగు తెచ్చి వేడి జిగురుతో అతికించాను. ఇప్పుడది ఆరడుగుల ఎనిమిదంగుళాల రాడ్, తేడా నాకైతే తెలియట్లేదు. అప్పటినుంచి నాలుగడుగుల పీవీసీ పైపు ముక్కకి రెండు వైపులా మూతలు పెట్టి అందులోనే తీసుకెళ్తున్నాను. ప్లంబర్ దగ్గర మిగిలిన ముక్కే.

కొత్తవాళ్ళకి ఒక మాట. ఈ రాడ్లు కార్బన్‌వి, కరెంటు పారుతుంది. మన చెరువు గట్ల మీద మోటార్ల వైర్లు ఎంత కిందికి వేలాడతాయో తెలుసుగా. గట్టు మీద నడిచేటప్పుడు రాడ్ నిలువుగా పట్టుకోవద్దు. ఉరుము వినిపిస్తే పక్కన పెట్టేసి అవతలికి వెళ్ళిపోవాలి. చెరువైతే ముందు లీజుదారుని అడగాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

రీలు దగ్గరే నా డబ్బూ ఓపికా అయిపోయాయి. మొదటి నెలలోనే చేప లాగుతుంటే హ్యాండిల్ తిరుగుతోంది, లైను రావట్లేదు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైను తెగకుండా కొంచెం కొంచెం వదిలే బిగింపు) పాడైందనుకుని అమ్మినాయనకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. తరవాత కొట్లో విప్పి చూస్తే డ్రాగ్ బంగారంలా ఉంది. తప్పు నాదే. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, లైను చుట్టే ఖాళీ స్పూలు మీద నేరుగా చుడితే ఉండ మొత్తం జారి తిరుగుతుంది. అడుగున ఒక పొర ఇన్సులేషన్ టేపు గానీ, పది చుట్లు మామూలు నైలాన్ దారం గానీ వేసి దాని మీద బ్రెయిడ్ చుట్టాలి. మళ్ళీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, “ఇది నెలకి నలుగురు అడుగుతారండి” అన్నాడు. అలాంటప్పుడు పెట్టెలో ఒక కాగితం రాసి పెట్టొచ్చు కదా.

ఉప్పు దెబ్బ రెండో ఏడాది తెలిసింది. మొగ నుంచి వచ్చిన రోజు అలసిపోయి రీలు అలాగే సంచిలో పడేసేవాణ్ణి. లైను మడత తిరిగే చోట చిన్న రోలరు ఉంటుంది, దానిలోని బేరింగ్ బిగుసుకుపోయింది. రోలరు తిరక్కపోతే లైను దాని మీద రాసుకుంటూ వెళ్తుంది. ఒక ఆదివారం రెండు చేపలు తెగిపోయాక గానీ నాకు అనుమానం రాలేదు. విప్పితే లోపల తెల్లటి ఉప్పూ, ఎర్రటి తుప్పూ. బేరింగ్ ఖరీదు నూట యాభై. దాని వల్ల పోయిన రెండు ఎరలు ఏడొందలు.

ఇప్పుడు ఇంటికి రాగానే ముందు రీలు పని, తరవాతే అన్నం. డ్రాగ్ నాబ్ బిగించి, లోపలికి నీరు వెళ్ళకుండా, మంచినీళ్ళు చేత్తో చిలకరించి కడుగుతాను. పంపు కింద ధారగా పెడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. తుడిచి, నీడలో ఆరనిచ్చి, డ్రాగ్ వదులు చేసి పెడతాను. బిగించి వదిలేస్తే లోపలి బిళ్ళలు అణిగిపోతాయి. ఏడాదికి రెండుసార్లు విప్పి పళ్ళ చక్రాలకి గ్రీజు, బేరింగ్‌లకి కుట్టుమిషను నూనె. అంతే. నాలుగేళ్ళుగా మళ్ళీ ఏదీ మార్చలేదు. హ్యాండిల్ కాస్త లొడలొడలాడుతోంది, లాడనీ.

మధ్యలో ఒకసారి ఆశపడి బెయిట్‌కాస్టర్ రీలు (విసిరేటప్పుడు స్పూలే తిరిగే రకం) కొన్నాను. విసిరిన ప్రతిసారీ దారం పిచిక గూడు కట్టేది. మూడు వారాలకి అమ్మేశాను.

లైను మీద మాత్రం డబ్బు మిగల్చకండి. బ్రెయిడ్ సాగదు గనక ఎంత దూరాన చేప ముట్టినా చేతికి తెలుస్తుంది. రంగు రెండు నెలల్లో వెలిసిపోయింది, దాని వల్ల నష్టమేమీ లేదు. రెండేళ్ళకి పైభాగం పోగులు లేచింది. అప్పుడు మొత్తం విప్పి తిరగేసి చుట్టాను, అడుగున వాడని సగం పైకి వచ్చింది. ఇంకో రెండేళ్ళు అలా గడిచాయి. డ్రాగ్ ఎంత పెట్టాలో మొదట్లో తెలిసేది కాదు. లైను తెగే బరువులో పావు నుంచి మూడో వంతు అంటారు. ముప్పై పౌన్లంటే పదమూడున్నర కిలోలు, కాబట్టి మూడు నాలుగు కిలోల దగ్గర. లైను కొసకి చిన్న స్ప్రింగు కాటా కట్టి లాగి చూసుకుంటాను. రాడ్ రింగుల లోపలి పింగాణీ పగిలినా బ్రెయిడ్ కోసుకుపోతుంది. కంటికి కనపడదు. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల తీసుకుని రింగులో తిప్పితే, పగులుంటే దూది పోగు పట్టుకుంటుంది. తెగిన ముక్కలు గట్టు మీద వదలొద్దు. కాళ్ళకి బ్రెయిడ్ చుట్టుకుని చచ్చిపోయిన కొంగని చూశాక నేను జేబులోనే వేసుకొస్తున్నాను.

కొరమీనుకి రబ్బరు కప్ప. పొట్ట డొల్లగా ఉండి, రెండు గాలాలూ వీపుకి ఆనుకుని పైకి ఉంటాయి. అందుకే ఆకుల మీద జారుతుంది గానీ తగులుకోదు. చేప నొక్కితే పొట్ట అణిగి గాలాలు బయటపడతాయి. ఆరేళ్ళలో పదకొండు కప్పలు వాడాను. ఖరీదైన దానికీ నూట ఇరవైదానికీ తేడా గాలాల్లోనే, చవకవాటివి సాగిపోయాయి. రబ్బరు ఏదైనా కొరమీను పళ్ళకి మూడు నెలలే. చిల్లు పడితే ఫెవిక్విక్. కొత్తవాళ్ళు చేసే తప్పు, నేనూ ఏడాదంతా చేసిన తప్పు, నీళ్ళు భళ్ళుమనగానే లాగెయ్యడం. చేప నోట్లో కప్ప సర్దుకునే టైము ఇవ్వాలి. ఒకటి, రెండు అనుకుని అప్పుడు లాగాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన బుడబుడలాడుతుంటే అక్కడ మాత్రం కప్ప వెయ్యకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, కోపంతో దేన్నయినా కొడతాయి. వాటిని తీసేస్తే పిల్లలు మట్టగుడిస చేపల పాలు.

వేసవిలో కాలువలు కట్టేశాక గుంటల్లో కొరమీనులు చేరతాయి, అప్పుడు పట్టడం పెద్ద గొప్పేం కాదు. జులై నుంచి ఎర్రనీరు వచ్చాక మాత్రం ఏ ఎరా పనిచెయ్యదు. 2022 జులై వరదకి లంకలన్నీ మునిగినప్పుడైతే గాలం సంగతే మర్చిపోయాం. పులస కోసం ఈ సామాను కొందామనుకునేవాళ్ళు ఆగండి. అది పాచి వడకట్టుకుని తినే చేప, దాని లెక్క వలతోనే.

పండుగప్ప దగ్గర లీడర్ (లైను కొసన కట్టే మందపాటి దారం ముక్క) లేకుండా దిగితే ఎర పోయినట్టే. దాని మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది. బ్రెయిడ్ కొసకి నలభై పౌన్ల మందపాటి నైలాన్ ఒక మీటరు కడతాను. రెండిటినీ కలపడానికి ఎఫ్‌జీ ముడి బాగుంటుంది, రింగుల్లోంచి నున్నగా వెళ్తుంది. కానీ ఊగే పడవలో గాలికి అది నా వల్ల కాదు, డబుల్ యూని వేసేస్తాను. ప్రతి చేప తరవాతా లీడర్ మీద గోరు నడిపి చూసి, గరుకు తగిలితే ఆ ముక్క కోసెయ్యాలి. ఎర విషయానికొస్తే నాలుగంగుళాల రబ్బరు చేపకి సీసం తల ఉన్న గాలం చాలు. మినో అనే చేప ఆకారపు బొమ్మలకి వచ్చే మూడు కొక్కేల గాలాలు ఉప్పుకి రెండు నెలల్లో తుప్పు పట్టాయి. ఒకటి నా బొటనవేలిలో దిగింది కూడా. టీటీ ఇంజక్షను, రెండు కుట్లు. అన్నీ తీసేసి ఒంటి కొక్కేలు వేశాను, ముల్లు కూడా ప్లయరుతో నొక్కేశాను.

మొగలో వేళ తెలియకపోతే సామాను ఏదైనా ఒకటే. పోటు నిండి, నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైనప్పుడు చిన్న పాయల్లోంచి రొయ్యా చిరుచేపా నీళ్ళతో బయటికి కొట్టుకొస్తాయి, పండుగప్ప ఆ పాయ నోటి దగ్గర కాచుకుంటుంది. ఈ వేళ రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. నాకు ఇది ఫోనులో చూస్తే గానీ తెలియదు. మా పడవ బాబాయి తిథి చెప్పి లెక్క కట్టేస్తాడు. అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు మరీ లాగుతాయి, బురద లేస్తుంది, ఆ రోజుల్లో రానంటాడు. ఒకసారి రెండు కిలోల చేపని వదిలేస్తుంటే, “వదిలేత్తారేంటండీ!” అని నిజంగానే బాధపడ్డాడు. పండుగప్ప ముందు మగదిగా ఉండి, పెద్దదయ్యాక ఆడదవుతుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే పెద్దది వదలండి, ఇది ఇటివ్వండి” అన్నాడు. ఇచ్చాను.

పడవ గురించి చాలామంది అడుగుతారు. గాలి నింపే కయాక్ ఒకటి తొమ్మిది వేలు పెట్టి కొన్నాను. చెరువులో హాయిగా ఉంది. ఓడలరేవు వైపు గోదావరి ఇంకో పాయ వైనతేయలో దింపిన రోజు పాటు అందుకుంది. ఎంత తెడ్డేసినా ఉన్నచోటే ఉండటం మానేసి సముద్రం వైపు జరుగుతున్నాను. వల పడవవాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారు. తరవాత వారం ఒడ్డున గవ్వలకి కింద చీరుకుపోయింది కూడా. మొగలో మాత్రం స్థానికుడి ఫైబర్ పడవే అద్దెకి తీసుకోండి, నీళ్ళతోపాటు మనిషి తెలివీ అద్దెకి వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్ళవు, నేనూ అడగను. కోరంగి మడ అడవి అభయారణ్యం, అటు గాలం తీసుకెళ్ళను. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగింది నేను ఈ సామాను కొనడానికి మూడు వారాల ముందే. కొన్న మొదటి వస్తువు అందుకే రాడ్ కాదు, జాకెట్. కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది చూసి తీసుకోండి, లేకపోతే నీళ్ళలో పడ్డాక జాకెట్ పైకి, మనిషి కిందికి.

రంగు కళ్ళద్దాలు మన బురదనీళ్ళలో ఎండకి తప్ప దేనికీ పనికిరాలేదు. రబ్బరు వల బుట్ట బాగుంది, గాలాలు చిక్కుకోవు. పొడవు ముక్కు ప్లయరు కాలువైనా మొగైనా మెడలోనే వేలాడుతుంటుంది, మొప్పల్లో వేలు పెట్టకుండా గాలం తియ్యడానికి.

బాబాయిది ఇప్పటికీ చేతి గాలమే. ప్లాస్టిక్ సీసాకి చుట్టిన దారం, బతికున్న రొయ్య. పడవలో నాకంటే ఎక్కువ రోజులు ఆయనకే పడ్డాయి. నా రాడ్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని ఊపి చూసి, “తేలిగ్గా ఉందండి” అని ఇచ్చేశాడు. రీలు వంక చూడను కూడా చూడలేదు. దిగి రేవులో డబ్బులిస్తుంటే మాత్రం నా మెడవైపు చెయ్యి చూపించి, “ఆ పట్కారొకటి నాకు తెచ్చిపెట్టండి, ఆయ్” అన్నాడు.