నాదస్వరం శాంపిల్ ప్యాక్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

"ప్రతి నోటూ విడిగా రికార్డు చేశాం" అని టెలిగ్రామ్ గ్రూపుల్లో అమ్ముతున్న నాదస్వరం శాంపిల్ ప్యాక్ (కీబోర్డుతో వాయించుకోడానికి రికార్డు చేసిన స్వరాల ఫైళ్ల కట్ట) ఒకటి కాంటాక్ట్ అనే శాంప్లర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాం. కొనాలనుకునేవాళ్లు ఆగండి. 36 కీలకు కలిపి ఉన్నవి మూడే వేవ్ ఫైళ్లు. ఒక్కో ఫైలు తన కీతో పాటు పైనున్న 11 కీలనూ మోస్తోంది.

శాంప్లర్ మామూలు మోడ్‌లో పిచ్ పెంచాలంటే ఫైలును వేగంగా ప్లే చేస్తుంది. ఏడు సెమీటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్) పైకి వెళితే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే సెకనుకు ఐదుసార్లు ఊగాల్సిన గమకం ఏడున్నరసార్లు ఊగుతుంది. టైమ్ మెషీన్ మోడ్‌కి మారిస్తే వేగం నిలుస్తుంది కానీ, ఊదగానే వచ్చే ఆ తొలి పదును పోతుంది. దీన్ని ఏ నాబూ బాగుచేయలేదు. ఈ ఒక్క కారణం చాలు, కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్లకు: మిగతా తప్పులు సరిచేసుకోవచ్చు.

నోటు ఒక ఆక్టేవ్ కింద పలుకుతోందా? కీలకు నంబర్లిచ్చే మిడి పద్ధతిలో 60వ కీని కొందరు సి4 అంటారు, కాంటాక్ట్ సి3 అంటుంది. ఫైలు పేరు చూసి మ్యాప్ చేస్తే (ఏ ఫైలు ఏ కీకో కేటాయిస్తే) తేడా వస్తుంది. మ్యాపింగ్ ఎడిటర్‌లో జోన్లన్నీ (ఒక్కో ఫైలు పలికే కీల పరిధులు) ఎంచుకుని, రూట్ కీతో (ఫైలు అసలు శ్రుతిలో పలికే కీ) సహా 12 కీలు కిందికి జరపండి.

రెండు శ్రుతి (డి) నాదస్వరం ఒకటికీ (సి) ఒకటిన్నరకూ (సి షార్ప్) మధ్య ఎక్కడో పలుకుతుంటే అది వాయించినాయన తప్పు కాదు. సెకనుకు 48,000 శాంపిల్స్ (ధ్వని కొలతలు) చొప్పున రికార్డు చేసిన ఫైలు హెడర్‌లో, అంటే ఫైలు మొదట్లో ఉండే వివరాల్లో, ఆ రేటు 44,100 అని పడింది. దానివల్ల శ్రుతి 147 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) దిగిపోతుంది. ట్యూన్ నాబ్‌ని 1.47కి తిప్పితే సరిపోతుంది. ఆడియో ఎడిటర్‌లో రీశాంపిల్ చేయకుండా (ధ్వని డేటాను మార్చకుండా) హెడర్ రేటు ఒక్కటే 48,000కి మారిస్తే ఇంకా శుభ్రం.

అన్నిటికన్నా మోసం చేసేది లూప్, అంటే కీ పట్టి ఉంచినంతసేపూ తిరిగి తిరిగి ప్లే అయ్యే ముక్క. నోటు మొదట్లో శ్రుతిలోనే ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జారుతుంది. 44,100 రేటులో 440 హెర్ట్జ్ స్వరం ఒక్క ఆవృత్తికి 100.23 శాంపిల్స్ కావాలి. ఈ ప్యాక్‌లో లూప్ సరిగ్గా 100కి కట్ చేశారు, కాబట్టి 441 పలుకుతుంది. నాలుగు సెంట్లే కదా అనిపిస్తుంది. పక్కన 440 సైన్ టోన్ పెట్టి వినండి, సెకనుకొకసారి శబ్దం పెరిగి తగ్గుతూ అల కొడుతుంది. లూప్‌ని 2,205 శాంపిల్స్‌కి పెంచండి. అందులో 22 ఆవృత్తులు మిగులు లేకుండా ఇముడుతాయి.

ఏ ప్యాక్ కొన్నా, అమ్మేవాళ్లను రెండు అడగండి. ఒకటి, రూట్ కీలు కనిపించేలా మ్యాపింగ్ ఎడిటర్ స్క్రీన్‌షాట్. రెండు, రివర్బ్ (కలిపిన ప్రతిధ్వని) లేకుండా ప్రతి కీ ఎనిమిది సెకన్లు పట్టిన డెమో. రివర్బ్ ఉంటే ఈ అలలు వినపడవు. సైజు కూడా చూడండి: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో ఎనిమిది సెకన్ల నోట్లు 36 అంటే వేవ్‌గా సుమారు 83 ఎంబీ. ఈ ప్యాక్ ఏడు ఎంబీ దగ్గరే ఆగిపోయింది.

మీ దగ్గర ఉచిత కాంటాక్ట్ ప్లేయర్ మాత్రమే ఉంటే, ప్లేయర్ లైసెన్సు లేని ఇలాంటి లైబ్రరీలు 15 నిమిషాలకే ఆగిపోతాయి. ఆ సంగతి అమ్మకం పోస్టులో ఎక్కడా రాయలేదు.