చంద్రపూర్–బల్లార్‌పూర్ దారిలో కొత్త ఎన్‌ఏ లేఅవుట్: గేటు ఘనం, మోరీలు అధ్వానం

మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర వేసిన ఈ ఇళ్ల ప్లాట్ల లేఅవుట్‌కు ఐదుకు రెండు మార్కులు. గేటు, సిమెంటు రోడ్లు, వీధి దీపాలు నిజంగానే బాగున్నాయి. ఎన్‌ఏ (వ్యవసాయేతర వాడకం) ఆర్డరు, మహారెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, సాత్‌బారా (భూమి హక్కుల పత్రం) అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాగితాలు మాత్రమే చూసి కొనేవాళ్లకు ఏ లోటూ కనిపించదు. లోటంతా నేల కింద ఉంది. పేపర్ మిల్లులోనో డబ్ల్యూసీఎల్ బొగ్గు గనుల్లోనో రిటైరై, వచ్చిన డబ్బంతా ప్లాటు మీద పెట్టే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి వివరంగా రాయాల్సి వస్తోంది.

మొదట నీళ్లు. డ్రైనేజీ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేస్తారు. ఇక్కడ సుమారు 400 ప్లాట్లు. ఇంటికి ఐదుగురనుకుంటే 2,000 మందికి రోజుకు 2,70,000 లీటర్లు కావాలి. కట్టిన ట్యాంకు 50,000 లీటర్లది. రోజుకు ఐదారుసార్లు నింపితే తప్ప చాలదు. మే నెలలో బోర్లు అడుగంటితే రెండుసార్లు నిండడమే గగనం. రోజువారీ వాడకంలో మూడోవంతు, అంటే 90,000 లీటర్లయినా నిలవ ఉండాలి. లేకపోతే నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, జనం డ్రమ్ముల్లో పట్టి పెట్టుకుంటారు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ డ్రమ్ముల్లో, కూలర్ల అడుగున నిలిచిన నీళ్లలో. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కూలర్ నీళ్లు పారబోసినంత మాత్రాన పని అయిపోదు. గుడ్లు టబ్బు గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి చావవు. వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడగాలి. నాలుగొందల ఇళ్లలో ఆ పని వారం వారం చేయించడం కన్నా, రోజూ నీళ్లిచ్చే ట్యాంకు కట్టడం తేలిక.

నీళ్ల రిపోర్టు అడిగితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) అంకె ఒక్కటే చూపిస్తున్నారు. చంద్రపూర్ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. అది టీడీఎస్ మీటరుకు దొరకదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఇగిరినకొద్దీ ఎక్కువవుతుంది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే గతి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రతి బోరుకూ విడివిడిగా, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించిన కాగితం చేతికి ఇవ్వమనండి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఈ-కొలై (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) మూడింటి ఫలితాలూ అందులో ఉండాలి.

కార్నర్ ప్లాట్ల దగ్గర ఒకసారి వంగి మోరీలోకి చూడండి. నల్లా కనెక్షన్ పైపు మురుగులో మునిగి అవతలికి పోతోంది. మోటారు ఆపగానే పైపులో ప్రెషర్ పడిపోతుంది. అతుకు దగ్గర సన్నటి పగులున్నా చాలు, చుట్టూ ఉన్న మురుగు లోపలికి లాగుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు బిందెలోకి మొదట వచ్చేది అదే. ఒకే వీధిలో ఇంటింటా కామెర్లు, టైఫాయిడ్ రావడానికి చాలాచోట్ల కారణం ఇదే. నల్లా పైపును మోరీ పైనుంచి, ఇనుప గొట్టం తొడిగి దాటించాలి. ఇళ్లు లేవకముందు ఇది కొద్దిరోజుల పని, తర్వాతైతే రోడ్డంతా తవ్వాలి.

మురుగు విషయం ఇంకా కష్టం. వాడిన నీళ్లలో 80 శాతం మురుగవుతుందనుకుంటే రోజుకు 2,16,000 లీటర్లు. శుద్ధి ప్లాంటు లేదు. ఎవరి సెప్టిక్ ట్యాంకు, ఎవరి ఇంకుడు గుంత వాళ్లదేనట. ఇది నల్లరేగడి, వాన పడితే ఉబ్బి నీళ్లను ఇంకనివ్వదు. పరీక్ష మీరే చేసుకోవచ్చు: ఇంకుడు గుంత లోతుకు గొయ్యి తవ్వి, రాత్రంతా నీళ్లు నింపి నాననిచ్చి, మర్నాడు మళ్లీ నీళ్లు పోసి 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. 60 నిమిషాలు దాటితే ఇంకుడు గుంత పనికిరాదు. పైగా గుంతకూ తాగే నీళ్ల బోరుకూ కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల ఎడం ఉండాలి. 30×50 ప్లాటులో అంత చోటెక్కడ? ఇంకని మురుగు మోరీలోకి, మోరీ చివర పొలం గట్టు దగ్గరికి చేరుతుంది. అక్కడితో మోరీ ఆగిపోయింది, ముందుకు దారి లేదు. ఫైలేరియా దోమకు అలాంటి నిలవ మురుగే కావాలి.

లేఅవుట్ వెనక నాలా (వాగు) పక్క వరుసకు వరద గీతలు చూడాలి. మహారాష్ట్రలో నీలి గీత 25 ఏళ్లకోసారి వచ్చే వరదకు, ఎర్ర గీత 100 ఏళ్లకోసారి వచ్చేదానికి. నీలి గీత లోపల ఇల్లు కట్టకూడదు. బ్రోచరు మ్యాపులో రెండు గీతలూ లేవు. పాత భూగర్భ గనుల మ్యాపు కూడా అడగండి. 2022 ఆగస్టులో ఇదే జిల్లాలోని బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో ఒక ఇల్లు ఉన్నపళంగా భూమిలోకి కూరుకుపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

ఖాళీ స్థలం నిబంధన ప్రకారం పది శాతం వదిలారు, కానీ ఎక్కువ భాగం నాలా ఒడ్డునే. బొగ్గు లారీలు తిరిగే మెయిన్ రోడ్డు వైపు ఒక్క చెట్టు లేదు. చంద్రపూర్ 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. అలాంటి చోట రోడ్డు వెంబడి రెండు మూడు వరుసల వేప, కానుగ పెట్టి ఉండాల్సింది.

ఎత్తు మీదున్న వరుసలు కొనొచ్చు. అయితే పెద్ద ట్యాంకు, మురుగు ప్లాంటు, మోరీకి బయటికి దారి, ఈ మూడూ ఎప్పటిలోగా పూర్తవుతాయో తేదీతో సహా అగ్రిమెంటులో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. నాలా పక్క వరుస మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.