హ్యూమాక్ సేవ ఎలా ఉంది? సైనిక హెలికాప్టర్ అడిగే సంస్థలకు

పెద్ద విపత్తుల్లో సహాయక సంస్థలకు సైనిక హెలికాప్టరో సరుకు విమానమో కావలసివస్తే, ఎవరికి వారు సైనికాధికారులకు ఫోన్లు చేసుకుంటే గందరగోళమే. ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల విభాగం ఓచా నడిపే హ్యూమాక్, అంటే సహాయక సంస్థలకూ సైన్యాలకూ మధ్య సమన్వయ కేంద్రం, ఉన్నది అందుకే. 2015 నేపాల్ భూకంపంలోనూ ఇది పనిచేసింది. సేవ మంచిదే, కాకపోతే అభ్యర్థన పత్రం నింపడం వచ్చినవాళ్లకే పూర్తిగా అందుతుంది.

మాకు బాగా నచ్చింది దీని వడపోత. విపత్తు సాయంలో విదేశీ సైన్యాన్ని ఎలా వాడాలో చెప్పే 1994 నాటి ఓస్లో మార్గదర్శకాలు, 2007 సవరణ తర్వాత కూడా, ఒకే మాట చెబుతాయి: అదే పనిని సకాలంలో చేసే పౌర వనరు లేనప్పుడే విదేశీ సైన్యాన్ని అడగాలి. అందుకే ముందు లారీలు, అద్దె విమానాలు చూస్తారు. ఇది జాప్యం కాదు. దారి తెగిన ఊరికి హెలికాప్టర్ మిగిలేది ఇలాగే. సైనికులు వంతెన వేయడం, సరుకు మోయడం వరకూ సరే. పంపిణీ మాత్రం పౌర సంస్థల చేతిలోనే ఉండాలి, ముఖ్యంగా ఆ సైన్యం ఏదైనా పోరులో పక్షమైతే.

ఇక పత్రం. "రెండు హెలికాప్టర్లు కావాలి" అని రాయకండి. ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎన్ని ఘనపు మీటర్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎప్పటిలోగా అని రాయండి. ఏ వాహనమన్నది సైన్యం ఎంచుతుంది. ఎంఐ-17 హెలికాప్టర్ లోపల 4 టన్నులు పడతాయన్నది కాగితం లెక్క. ఎత్తు, వేడి, ఇంధనం పెరిగేకొద్దీ అది బాగా తగ్గుతుంది. సి-130హెచ్ సరుకు విమానంలో 6 ప్యాలెట్లు (సరుకు పేర్చి కట్టే పలకలు) పడతాయి. ఒక్కోటి 88×108 అంగుళాలు, గరిష్ఠంగా 4,536 కిలోలు. దుప్పట్లయితే బరువు పరిమితి రాకముందే చోటు నిండిపోతుంది.

నీటి శుద్ధికి వాడే కాల్షియం హైపోక్లోరైట్‌ను మామూలు సరుకులో కలిపి రాస్తే పెద్ద చిక్కు. అది ప్రమాదకర సరుకు, పొడిదైతే ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో దాని సంఖ్య యూఎన్ 1748. ముందే చెప్పకపోతే లోడు మొత్తం దించేయాల్సి రావచ్చు. దిగేచోటును పటంలో ఏ పద్ధతిలో గుర్తించి ఇచ్చారో కూడా రాయండి. సైన్యం తరచూ గ్రిడ్ (పటం మీది గళ్ల సంఖ్యలు) వాడుతుంది, సంస్థలు అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు వాడతాయి.

లోపమల్లా అవతలి కొసలో ఉంది. దిగేచోట కూలీలను, కాపలాను కేంద్రం సమకూరుస్తుందనుకుంటే దెబ్బతింటారు, అది అడిగిన సంస్థ పనే. హెలికాప్టర్ రెక్కల గాలికి రేకులు లేచి మనుషుల మీద పడతాయి కాబట్టి అక్కడున్న వదులు సామాను ముందే బిగించి ఉంచాలి. సైన్యం ఎప్పుడు వెళ్లిపోతుందో మొదటి రోజే అడిగి, ఆ తేదీకి లారీలు మాట్లాడి పెట్టుకోండి.