పాత సౌండ్‌హోల్ పికప్ మేలా, పీజో మేలా?

అకూస్టిక్ గిటార్‌కి పాత డీఆర్మండ్ బ్రాండ్‌ది లాంటి సౌండ్‌హోల్ పికప్ (గిటార్ మధ్య రంధ్రంలో బిగించి, తీగల మోతను ఆంప్‌కి పంపే అయస్కాంత పరికరం) పెడితే వినిపించేది చెక్క కంటే ఎక్కువగా తీగలే, కాస్త ఎలక్ట్రిక్ ఛాయతో. బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ వాడింది ఇలాంటిదే. చిక్కంతా తీగలతోనే. పికప్‌లోని అయస్కాంతం తీగలోని ఉక్కును పట్టుకుంటుంది, దాని మీది కంచు చుట్టును పట్టించుకోదు. అందుకే చుట్టులేని రెండో తీగ మరీ గట్టిగా మోగుతుంది, లావు తీగలు వెనకబడతాయి. నికెల్ చుట్టిన తీగలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆంప్ లేకుండా వాయిస్తే మాత్రం కంచు తీగల మెరుపు ఉండదు.

పీజో అంటే శాడిల్ (తీగలు ఆనే సన్నటి పట్టీ) కింద పెట్టి, ఆ అదురును పట్టుకునే పికప్; దానికి ఏ తీగలైనా ఒకటే. కానీ మంచి ప్రీఆంప్ (ఆంప్‌కి వెళ్లేలోపు సిగ్నల్‌ని సరిచేసి పెంచేది) కావాలి. గట్టిగా మీటితే ప్లాస్టిక్ చప్పుడొకటి వస్తుంది, నాకది అస్సలు పడదు. పైగా బిగించాలంటే శాడిల్ అరగదీయాలి, శాడిల్‌ని పట్టి ఉంచే చెక్క ముక్క, అంటే బ్రిడ్జ్‌కి, రంధ్రం చేయాలి. పాతదాన్నైతే తగిలించి, వద్దనుకుంటే తీసేయొచ్చు.