కాక్టస్‌కి కుండీ మార్చడం: మృగశిరకా, శివరాత్రికా?

మా వరంగల్‌లో మొక్క నాటాలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది మృగశిర. జూన్ 8 ప్రాంతంలో కార్తె వస్తుంది, రెండు వానలు పడతాయి, మామిడి మొక్కైనా మల్లె అంటైనా అప్పుడే భూమిలోకి పోతుంది. మూడేళ్ల కింద నేనూ అదే అలవాటుతో వానల్లో కాక్టస్‌కి కుండీ మార్చాను. పసుపు ముళ్ల గుండ్రటి కాక్టస్ అది, చిన్న బత్తాయంత ఉన్నప్పటి నుంచి పెంచుకున్నాను. "వానాకాలంల పెట్టింది ఏదైనా బతుకుతది బిడ్డా" అన్నది మా అమ్మ. ఆమె చేతితో పెట్టిన మొక్క చచ్చింది నేను చూడలేదు, అందుకే ఇంకేం ఆలోచించలేదు.

పదిహేను రోజులు పచ్చగానే ఉంది. ఆ తర్వాత ఒకరోజు కుండీ పక్కకు జరుపుదామని మొదలు దగ్గర పట్టుకుంటే వేలు లోపలికి దిగింది, బాగా పండిన సపోటాలో దిగినట్టు. బయటకు తీస్తే వేర్లు లేవు. నల్లటి గుజ్జు, కుళ్లు వాసన. చాలా బాధ పడ్డాను.

అమ్మ మాట తప్పు కాదు, అది వేరే మొక్కలకు చెప్పిన మాట. మల్లె అంటు ఆకుల నుంచి నీళ్లు పోతుంటాయి కాబట్టి దానికి గాలిలో తేమ కావాలి. కాక్టస్ నీటిని ఒంట్లోనే దాచుకుంటుంది, నాలుగు వారాలు చుక్క లేకున్నా దానికి ఏమీ కాదు. కుండీ మార్చేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని సన్న వేర్లు తెగుతాయి. ఆ గాయాలు ఎండి మూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు బాల్కనీలో ఆరేసిన బట్టలే ఆరవు, ఇక మట్టిలో ఉన్న గాయం ఏం ఆరుతుంది? పచ్చిగా ఉన్న చోటు నుంచే బూజు లోపలికి పోతుంది.

అందుకే నా ఓటు శివరాత్రికి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ వెంటనే కాక్టస్ నిద్ర లేచి కొత్త వేర్లు వేస్తుంది. గాలి పొడిగా ఉంటుంది, గాయం త్వరగా మానుతుంది, ఎండ ఇంకా ముదరదు. శివరాత్రి నుంచి ఉగాది లోపు పని అయిపోతే రోహిణి కార్తె ఎండలు వచ్చేసరికి మొక్క కొత్త కుండీలో కుదురుకుంటుంది. ఏప్రిల్ దాటితే మాత్రం ఆగండి. 42 డిగ్రీల ఎండలో తెగిన వేర్లతో ఏ మొక్కకైనా నిలవడం కష్టం.

శివరాత్రి తప్పిపోతే రెండో మంచి కాలం బతుకమ్మ, దసరా అయ్యాక, వానలు పూర్తిగా వెనక్కి పోయిన తర్వాత. మొక్క కుదురుకునే లోపే చలి వస్తుంది కాబట్టి దీనికి రెండో స్థానమే ఇస్తాను. డిసెంబర్, జనవరి వద్దే వద్దు. మొగ్గలున్న మొక్కను ఏ నెలలోనూ కదపకండి, మొగ్గలు రాలిపోతాయి. అయితే మొదలు మెత్తబడిందా, వేర్ల దగ్గర దూదిలా పిండినల్లి కనిపించిందా, అప్పుడు కార్తెలూ పండుగలూ చూడొద్దు. ఆ రోజే తీసేయాలి. కుళ్లిన భాగాన్ని శుభ్రమైన కత్తితో, లోపలి కండ మచ్చ లేకుండా కనిపించేదాకా కోసి, నీడలో ఆరబెట్టాలి.

ఇక మట్టి కుండీనా, ప్లాస్టిక్‌దా? కుమ్మరి చేసిన మట్టి కుండీ గోడల నుంచి కూడా తడి బయటకు పోతుంది. మనలాగా ప్రేమతో నాలుగు నీళ్లు ఎక్కువ పోసే చేతికి అదే రక్ష. బరువు కాబట్టి పొడవాటి కాక్టస్ గాలికి పడిపోదు. ఇబ్బంది ఒకటే, వేర్లు గోడకు అతుక్కుపోతాయి. మళ్లీ మార్చేటప్పుడు ఒక్కోసారి కుండీ పగలగొట్టాల్సి వస్తుంది. ప్లాస్టిక్‌ని చుట్టూ నొక్కితే మట్టి ముద్ద మొత్తం జారి వస్తుంది, రెండు మూడు అంగుళాల పిల్ల మొక్కలకు అది చాలు. కానీ నల్ల ప్లాస్టిక్ కుండీని ఎండాకాలం డాబా మీద పెడితే వేర్లు ఉడికిపోతాయి. రంగు రంగుల పింగాణీ కుండీ ఎంత ముద్దుగా ఉన్నా, అడుగున చిల్లు లేకపోతే కొనకండి.

కుండీ సైజు దగ్గరే చాలామంది పొరపడతారు. మళ్లీ మళ్లీ మార్చడం ఎందుకని పెద్దది తెస్తారు. వేరు చేరని మట్టిలో నీళ్లు నిలిచిపోతాయి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. పాతదానికంటే ఒక అంగుళం వెడల్పు, మహా అయితే రెండు. మళ్లీ రెండు మూడేళ్ల దాకా చూడక్కర్లేదు.

మట్టి విషయంలో పోటీయే లేదు. వరంగల్ చుట్టూ ఎర్ర చల్కలూ ఉన్నాయి, పత్తి పండే నల్లరేగడీ ఉంది. తడిని పట్టి ఉంచే గుణం పత్తికి మేలు, కాక్టస్‌కి చేటు. ఎర్రమట్టి ఒక పాలు, కడిగిన దొడ్డు ఇసుక ఒక పాలు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, పైన గుప్పెడు వర్మీకంపోస్ట్. తడిపి పిడికిట్లో పిసికి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. అడుగున కంకర పొర వేస్తే నీళ్లు బాగా పోతాయని అంటారు, నిజానికి ఆ పొర పైన మట్టిలోనే తడి ఆగుతుంది. చిల్లు మీద ఒక కుండ పెంకు చాలు.

మార్చే ముందు వారం పది రోజులు నీళ్లు ఆపేయండి. పొడి మట్టి తేలిగ్గా ఊడుతుంది. న్యూస్‌పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి పట్టీలా చేసి, మొక్క నడుముకు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని పైకి లేపండి. గ్లవ్స్ కంటే ఇదే నయం, గ్లవ్స్‌లోంచి సన్న ముళ్లు దూరతాయి. నాగజెముడు జాతి కాక్టస్‌లకు కంటికి కనపడని నూగు ముళ్లు కూడా ఉంటాయి, అవి గుచ్చుకుంటే రుద్దకండి, టేప్ అంటించి లాగేయండి. పాత మట్టిని మెల్లగా దులిపి, ఎండిన వేర్లు కత్తిరించి, ముందు ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. మొదలును మట్టిలో దించితే అది కుళ్లుతుంది.

నాటిన వెంటనే నీళ్లు పోయాలా, ఆగాలా? మిగతా మొక్కలకు వెంటనే పోస్తాం, దీనికి వారం రోజులు పోయొద్దు. ఆ వారమంతా నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టి, తర్వాత ఒక్కసారి చిల్లులోంచి కారేదాకా పోయండి. మళ్లీ మట్టి లోపలి దాకా ఎండాకే.

ఆ మొదటి మొక్క పోయాక కొత్త గుండ్రటి కాక్టస్ తెచ్చుకుని, పోయిన ఏడాది శివరాత్రి వెళ్లిన వారానికి ఇదే పద్ధతిలో కుండీ మార్చాను. నెలన్నర దాకా ఏ మార్పూ లేదు. ఒక పొద్దున నడినెత్తిన చూస్తే పాత ముళ్ల మధ్య లేత పసుపు ముళ్లు తేలుతున్నాయి. ఈసారి అమ్మను నేనే పిలిచి చూపించాను.