వేసవి పచ్చిమేతకు సూపర్ నేపియరా, జొన్నా?

"బోరు బాగుంటే నేపియర్ గడ్డి, నీళ్లు తక్కువైతే పలుకోతల జొన్న" అని ఎవరిని అడిగినా చెప్తారు. అందులో సగమే నిజం. నీరు తప్పినప్పుడు రెండూ ఒకేలా దెబ్బతినవు. నేపియర్ గిడసబారి పశువును పస్తు పెడుతుంది, జొన్న దాని ప్రాణమే తీయొచ్చు.

లేత జొన్నలో నాము (సైనైడ్ విషం) ఎక్కువ. బెట్టకు వాడి, ఆ తర్వాత తడి తగిలి లేచిన పిలకల్లో ఇంకా ఎక్కువ. వాడిన చేనుకు యూరియా చల్లి నీళ్లు పెట్టి, పచ్చబడిందని పది రోజులకే కోసి వేయడం అన్నిటికన్నా ప్రమాదం. పూత దశ వచ్చాకే కోయాలి. పలుకోతల రకం కో.ఎఫ్.ఎస్.-29 అయితే మొదటి కోతకు 65 రోజులు, తర్వాత 50 రోజులకొకటి. కోసిన చేలోకి పశువును తోలొద్దు. బెట్ట తగిలిన మేతను పచ్చిగా వేయకుండా బాగా ఎండబెట్టి వేస్తే నాము చాలావరకు తగ్గుతుంది. ఇంత కాపలా ఉండగలిగితే జొన్న మంచి మేతే. కో.ఎఫ్.ఎస్.-29కి ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు, గింజ సన్నం కాబట్టి ఇసుక కలిపి చల్లాలి.

నేపియర్‌కు అసలు లెక్క మే నెల నీరు. సంక్రాంతికి బోరు పోసేది చూసి ఎకరం నాటేస్తే ఏప్రిల్‌కే దుబ్బులు ఎండుతాయి. అరెకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు లక్ష లీటర్లు. మేలో గంటకు 10 వేల లీటర్లు పోసే బోరుకు అది పది గంటల పని, అదీ ఎనిమిది రోజులకోసారి. మిగతా పంటకు పోగా ఆ పది గంటలు మిగలకపోతే పావెకరమే నాటండి.

అరెకరాన్ని ఆరు మడులు చేసి, ఒక్కో మడిని ఏడెనిమిది రోజులు కోస్తే తిరిగి మొదటి మడికి వచ్చేసరికి 45 రోజులవుతుంది. నేలకు నాలుగైదు అంగుళాలు వదిలి కోయాలి. మడి ఖాళీ కాగానే చెత్త తీసి, మూడు కిలోల యూరియా సాళ్ల మధ్య వేసి, అదే రోజు నీరు పారించాలి. పొడి నేల మీద చల్లి రేపు కరెంటొస్తే చూద్దామనుకుంటే కొంత గాలిలో కలుస్తుంది. ఎర్రనేలైతే ఆ మూడు కిలోలను రెండుగా చేసి, రెండో సగం పదిహేనో రోజున వేయాలి, లేకపోతే నీటితోపాటు కిందికి దిగిపోతుంది. నల్లరేగడిలో నీరు నిలిస్తే దుబ్బు కుళ్లుతుంది, మురుగు కాలువ తీయాల్సిందే.

పసుపు కనబడగానే యూరియా బస్తా విప్పడం ఇంకో పొరపాటు. అడుగు ఆకులు కొస నుంచి ఈనె వెంట పసుపెక్కితే నత్రజని చాలలేదని. మధ్యాహ్నం ఆకు చుట్టుకుని సాయంత్రానికీ విచ్చుకోకపోతే కావలసింది నీరు. అప్పుడు యూరియా గుమ్మరిస్తే మొక్క దాన్ని నైట్రేట్‌గా దాచుకుంటుంది, అది పశువుకు చేటు.

లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) చలికాలంలో విత్తే పంట, మాంసకృత్తుల కోసం నాలుగు సెంట్లు చాలు, వట్టిగడ్డితో కలిపి వేయాలి. డ్రిప్ నేపియర్‌కు బాగానే పనిచేస్తుంది, కొడవలి తగలకుండా పైపులను సాలుకు పక్కగా పరిస్తే చాలు.

మే నీటికి సరిపడా నేపియర్ నాటి, వానాకాలంలో మిగిలే నేలలో జొన్న వేసి, ఎండబెట్టి వాముగా పెట్టుకోవడమే నేను చెప్పేది.